క్షమించానని చెప్పిన ఆదివారం

మొన్న శనివారం సాయంత్రం మా చెల్లెలి కూతురు కృష్ణపట్నం నుంచి వచ్చే కంపెనీ బస్సు దిగి, తన ఇంటికి పోకుండా నేరుగా మా ఇంటికి వచ్చింది. భుజానికున్న సంచి కూడా తీయకుండా కుర్చీలో కూలబడి, “పెద్దమ్మా, అవతలివాళ్లు సారీ చెప్పినాక కూడా నాకు కోపం పోకపోతే తప్పు నాదేనా?” అని అడిగింది. నేనేమో కళ్లద్దాలు నెత్తి మీద పెట్టుకొని ఇల్లంతా వెతుకుతున్నాను. ఈ వయసులో నాకు జవాబులకన్నా కళ్లద్దాలే తొందరగా దొరకాలి, అవి కూడా దొరకవు. ముందు మంచినీళ్లు తాగమన్నాను. తాగి మళ్లీ అదే ప్రశ్న అడిగింది.

ఆ పిల్ల సంగతి కొంచెం చెప్పాలి. రేవు దగ్గర ఒక కంపెనీ ఆఫీసులో ఉద్యోగం చేస్తుంది. పైన ఒక మేనేజరు ఉంది, ఆవిడా ఆడమనిషే. రోజూ పొద్దున్నే జరిగే మీటింగులో ఈ పిల్లను లేపి, ముందురోజు చేసిన పనిలో తప్పేదో పట్టుకొని అందరి ముందూ ఈ పిల్ల నోటితోనే చదివిస్తుందట. ఈ పిల్ల ఇంగ్లీషులో ఏదన్నా చెబితే, మన నెల్లూరు యాసతో దాన్ని తిరిగి పలికి నవ్విస్తుందట. ఎవరైనా నవ్వకపోతే వాళ్ల వంక ఓ చూపు చూస్తుందట, దాంతో వాళ్లూ నవ్వేస్తారట. చేతిలో ఉన్న పనులన్నీ ఒక్కొక్కటే తీసి పక్కవాళ్లకిచ్చి, తీరా ‘నువ్వేం పని చేశావు’ అని అడుగుతుందట. గలగలా మాట్లాడే పిల్ల, ఆదివారం గుడిలో పాట ఎత్తుకుంటే వెనక వరసల దాకా వినిపించే పిల్ల, ఈ మధ్య మాటమాటకీ ‘తప్పుగా అన్నానా?’ అని అడగడం నేర్చుకుంది.

మనకాలంలో లేని చట్టాలు ఇప్పుడు ఉన్నాయి గదా, పోయి చెప్పుకోరాదా అన్నాను. చెప్పుకుందట. ఆఫీసులో ఆడవాళ్ల కోసం ఒక కమిటీ ఉందట. వాళ్లు మర్యాదగా కూర్చోబెట్టి అంతా విని, ‘ఆడపిల్లతో చెడ్డగా ప్రవర్తించడం లాంటిదేమన్నా జరిగిందా అమ్మా?’ అని అడిగారట. లేదండీ, రోజూ అందరిలో పరువు తీస్తున్నది అంటే, అయ్యో, అది మా కిందికి రాదమ్మా, హెచ్.ఆర్. వాళ్ల దగ్గరికి పొమ్మన్నారట. నాకు అర్థం కాక మళ్లీ చెప్పమన్నాను. కులం పేరుతో తిడితే ఒక చట్టం ఉందట, చెయ్యి చేసుకుంటే ఒకటుందట, చంపుతానని బెదిరిస్తే ఒకటుందట. ఇవేవీ చెయ్యకుండా ఒక మనిషిని రోజుకు కాస్త చొప్పున తగ్గించుకుంటూ పోతే, దానికి నేరుగా పేరు పెట్టిన చట్టం మాత్రం మన దగ్గర లేదట. మరి ఎక్కువమందికి జరిగేది అదే గదా అన్నాను. అదే గదా పెద్దమ్మా అంది.

హెచ్.ఆర్. వాళ్లు మాత్రం ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టి కాఫీ తెప్పించారట. ఆ మేనేజరు చిరునవ్వు నవ్వి, ‘నీకు అట్లా అనిపించి ఉంటే సారీ’ అందట. అయిపోయింది. ఇక సోమవారం లోపల ఈ పిల్ల ‘విషయం పరిష్కారమైంది, నాకు సంతృప్తిగా ఉంది’ అని ఒక మాట పంపాలి, పంపితే వాళ్లు అక్కడితో మూసేస్తారు. పంపకపోతే, సారీ చెప్పినా దిగిరాని మొండిఘటం అని పేరొస్తుంది. పైగా ఈ పిల్ల పని బాగుందో లేదో ఏడాది చివర చెప్పాల్సింది ఆ మేనేజరే. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది వ్యవహారం. పంపాలా వద్దా, అదీ ఆ పిల్ల తెచ్చిన ప్రశ్న.

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పంపెయ్యవే పిచ్చిదానా అన్నాను. పైవాళ్ల నోట సారీ రావడమంటే మాటలా, మా కాలంలో ఏ చట్టమూ లేకుండా, ఏ కమిటీ లేకుండా, ఒక పెద్దమనిషి చేత చర్చి సంఘమంతటి ముందూ క్షమాపణ చెప్పించాము, అదీ మీ అత్త కోసం, అని వంటింటి గడప దగ్గర కూర్చొని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా వదిన వైపు చెయ్యి చూపించాను. మా అన్న పోయిన తర్వాత వదిన నా దగ్గరే ఉంటున్నది. ఆమె తలెత్తలేదు. ఆ కథ నేను హాస్టలు మేట్రనుగా ఉన్నన్నాళ్లూ ఎంతమంది ఆడపిల్లలకు చెప్పానో లెక్కలేదు, స్త్రీల కూటాల్లో సాక్ష్యంగా కూడా చెప్పాను. మా చెల్లెలి కూతురు ఒక్కతే ఎట్లాగో తప్పించుకుంది. ఆ రోజు దొరికిపోయింది.

మాది తోటపల్లి గూడూరు పక్క ఒక పాళెం. వరి పండే కయ్యలన్నీ ఒక్కొక్కటే రొయ్యల గుంటలైపోతున్న రోజులవి. మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఎవర్ని చూసినా రొయ్య మాటే, పెళ్లి సంబంధాలు కూడా గుంటలు చూసి కుదిర్చేవాళ్లు. నేను ఇంటరు తప్పి ఇంట్లో కూర్చున్నాను. మా అన్న నడుము పట్టేసి మంచం మీద ఉన్నాడు. అప్పుడే దగ్గర్లో రొయ్యలు వలిచే షెడ్డు ఒకటి పెట్టారు. మాకు చిన్నాన్న వరస అయ్యే ఒకాయన అందులో సూపర్‌వైజరు. ఆయన పుణ్యాన మా పాళెంలో ఆడవాళ్లకు చాలామందికి అక్కడ పని దొరికింది. నాకూ దొరికింది, మా వదినకూ దొరికింది. తెల్లారకముందే వ్యాను వచ్చి హారను కొట్టేది. అంత చలిలోనూ తలలకు గుడ్డలు కట్టుకొని ఒకరి మీద ఒకరం పడుతూ ఎక్కేవాళ్లం. షెడ్డులో ఐసు, మందు నీళ్లు, మోకాళ్ల దాకా బూట్లు, పొడుగాటి టేబులుకు రెండు పక్కలా నిలబడి తల తియ్యడం, పెంకు వలవడం, వీపు నరం లాగడం, ఇదే పని. చేతులు మొద్దుబారిపోయేవి. ఇంటికొచ్చి ఎంత రుద్దుకున్నా వాసన పోయేది కాదు. అయినా చెబితే నమ్మరు, నాకు ఆ రోజులంటే ఇప్పటికీ ఇష్టమే. మేమందరం ఒకే సంఘంవాళ్లం గదా, పని చేస్తూ కీర్తనలు పాడుకునేవాళ్లం. పాట ఎత్తుగడ చిన్నాన్నే ఇచ్చేవాడు. ఆయన గొంతు చాలా బాగుండేది.

ఆయన్ని గురించి చెప్పడం కష్టం. షెడ్డులో ఒక పిల్ల కళ్లు తిరిగి పడితే కంపెనీ వాళ్లను అడక్కుండానే వ్యానులో వేసుకొని నెల్లూరు ఆస్పత్రికి తీసుకుపోయినవాడు ఆయన. మా అన్నను కూడా ఆయనే దగ్గరుండి చూపించుకొచ్చాడు. సంఘంలో పెద్ద. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు, ఈయన విషయంలో మాత్రం ఊరంతా మంచిదే, ఆ నోరు ఒక్కటే బాగలేదు. అందర్నీ తిట్టేవాడు. మేం తల వంచుకొని, ఆయన అటు తిరగ్గానే వెక్కిరించి నవ్వుకొని మర్చిపోయేవాళ్లం. మా వదినను మాత్రం ఎందుకో వేరేగా పట్టుకొని పీడించేవాడు. ఎందుకన్నది నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

వదినది కొడవలూరు పక్క ఊరు, వరి నాట్లు వేసిన చెయ్యి. పెళ్లయ్యేదాకా రొయ్యను ఒలిచి ఎరగదు. మొదట్లో ఆమె చేతిలో రొయ్యలు తునిగిపోయేవి. అది ఎవరికైనా జరిగేదే, నాలుగు రోజులు పోతే అలవాటవుతుంది, ఆమెకూ అలవాటైంది. కానీ చిన్నాన్న ఆమె టబ్బు దగ్గరికే వచ్చి నిలబడేవాడు. ఆయన నిలబడితే ఆమె చెయ్యి వణికేది, వణికితే రొయ్య విరిగేది. విరిగిన రొయ్యలన్నీ ఒక పళ్లెంలో పోయించి, ఆ పళ్లెం పట్టుకొని లోడింగు మనుషులు వచ్చిపోయే తలుపు దగ్గర నిలబడమనేవాడు. వచ్చేవాడికీ పోయేవాడికీ, “చూడండయ్యా, కలుపు తీసే చెయ్యి రొయ్య తీస్తే ఇట్ట ఉంటది” అని చెప్పేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. ఆమె పళ్లెం వంకే చూస్తూ నిలబడేది. ఆయన వరసకు మామ, ఇంటి కోడలు మామకు ఎదురు చెప్పగలదా! ఆ తర్వాత కొన్నాళ్లకు ఇంకో చిత్రం మొదలైంది. తెల్లవారుజామున వ్యాను హారను వినబడగానే వదిన పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకునేది. మా అమ్మ అది విశేషమనుకొని మురిసిపోయి, ఇరుగుపొరుగుకు చెప్పి, చింతకాయ తెప్పించింది. కాదని చెప్పడానికి వదినకు నోరు రాలేదు. కాదంటే మరేమిటని అడుగుతారు గదా.

ఎవరికి చెప్పుకోవాలి? అన్నతో చెబితే, “ఆయన లేకపోతే మనకు కూడు యాడిది, గమ్మున ఉండండి” అన్నాడు. కంపెనీ ఓనరు ఎక్కడో ఉంటాడు, కారు అద్దంలోంచి తప్ప మేం చూసింది లేదు. ఒకసారి లేబరు ఆఫీసరు వచ్చాడు. మంచినీళ్లు ఉన్నాయా, మరుగుదొడ్డి ఉందా, చేతులకు తొడుగులు ఇస్తున్నారా అని అడిగి, అన్నీ ఉన్నాయంటే వెళ్లిపోయాడు. పాపం ఆయన తప్పేముంది, మేం మాత్రం ఏం చెప్పాలి, సూపర్‌వైజరు పళ్లెం పట్టుకొని నిలబడమంటున్నాడు అనా? అది నేరమని మాకే తెలియదు. ఇప్పటికీ అది నేరమో కాదో తెలియక గదా ఈ పిల్ల నా దగ్గరికి వచ్చింది.

ఇక ఆ ఆదివారం. మా సంఘంలో నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే ఏసు పేరున అందరం రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు. మనసులో ఎవరి మీదన్నా పగ ఉంటే వాళ్లతో రాజీపడి సమాధానపడిన తర్వాతే రొట్టె తీసుకోవాలని మాకు పసితనం నుంచి గట్టిగా నేర్పారు. అందుకని ముందురోజు సాయంత్రం ఎవరు ఎవరింటికి పోతున్నారో అరుగు మీద కూర్చొని చూస్తే చాలు, ఆ నెలలో పాళెంలో జరిగిన తగాదాలన్నీ తెలిసిపోయేవి. తోడికోడళ్లు కళ్లు తుడుచుకుంటూ ఎదురయ్యేవాళ్లు, గట్టు తగాదా పడ్డవాళ్లు ఒకే బీడీ కాల్చుకుంటూ కనబడేవాళ్లు. సమాధానపడనివాళ్లు రొట్టె వచ్చినప్పుడు చెయ్యి చాపకుండా తల వంచుకు కూర్చునేవాళ్లు. అట్లా కూర్చోవడమంటే మాకు ఎంత సిగ్గో చెప్పలేను.

మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లం ఒక పక్క చాపల మీద కూర్చున్నాం. ఆడవాళ్ల వైపు రొట్టె పళ్లెం తెచ్చేది సంఘపెద్దలే. ఆ పూట తెచ్చింది చిన్నాన్న. తెల్ల చొక్కా, తెల్ల పంచె, పెదాల మీద కీర్తన. వరస వెంబడి వంగి అందిస్తూ మా వదిన దగ్గరికి వచ్చాడు. వదిన తల దించుకుంది, చెయ్యి రాలేదు. ఆయన ఒక్క క్షణం ఆగాడు. ఆమె పక్కన నేను. అబ్బ, ఎంత ధైర్యం చేసిందిరా మా వదిన, అందరి ముందూ ఆయన చేతి రొట్టె వద్దంటున్నది అనుకున్నాను. నేనూ చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నా వెనక మా టేబులు ఆడవాళ్లే కూర్చున్నారు. వాళ్లు నన్ను చూశారు, ఒకరినొకరు చూసుకున్నారు, ఒక్కరూ చెయ్యి చాపలేదు. చిన్నాన్న పళ్లెం పట్టుకొని ఆ వరసంతా నడిచిపోయాడు, రొట్టె ముక్కలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. పాట ఎక్కడో మధ్యలో తప్పిపోయింది.

సాయంత్రం మా పాస్టరు అయ్యగారు మమ్మల్నందర్నీ పిలిపించారు. పెద్దాయన, అమాయకుడు. ఇంతమంది ఆడబిడ్డలు ఒక్కసారిగా ఏ పాపంలో పడ్డారో అని మధ్యాహ్నమంతా భోజనం కూడా చెయ్యలేదని ఆయన భార్య, మా అమ్మగారు, చెప్పారు. “ఏందమ్మా మీ పాపం, సిగ్గుపడకుండా చెప్పండి” అన్నారు. అందరూ నా వంక చూశారు, నాకు నోరెక్కువని పేరు గదా. పాపం మాది కాదు అయ్యగారూ అని మొదలుపెట్టి, పళ్లెం సంగతి, తలుపు సంగతి, వాంతుల సంగతి అంతా కక్కేశాను. తీరా బయటికొచ్చి నడుస్తుంటే వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకొని ఏమందో తెలుసా? “నాకు ఆయన మీద మనసులో అసహ్యంగా ఉంది, అట్ట పెట్టుకొని రొట్టె ఎట్ట తీసుకునేదని కూసున్నాను. నా పాపానికి నేను కూసుంటే మీరంతా ఎందుకు కూసున్నారు మే?” అంది. ఆమె తనను శిక్షించుకుంటే, మేం ఆయన్ని శిక్షిస్తున్నామనుకున్నాం. మాట మాత్రం అప్పటికే బయటపడింది, వెనక్కి తీసుకోవడానికి లేదు.

మరుసటి ఆదివారం ఆరాధన చివర అయ్యగారు చిన్నాన్నను ముందుకు పిలిచారు. ఆయన నిలబడి, పని ఒత్తిడిలో నోరు జారి ఎవరినైనా నొప్పించి ఉంటే దేవుడూ సంఘమూ నన్ను క్షమించాలి అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. అది నటన అని నేను ఇప్పటికీ అనను. అయ్యగారు మా వైపు తిరిగి, “ఏమ్మా, క్షమించినావా?” అని అడిగారు. సంఘమంతా మా వదిన వైపు తిరిగింది. ఆమె లేచి నిలబడి, “క్షమించినాను అయ్యగారూ” అంది. అందరూ చప్పట్లు కొట్టారు. చిన్నాన్న వచ్చి ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. అమ్మగారు అందరికీ టీ కాచి ఇచ్చారు. నేను ఏడ్చిన ఏడుపుకు కొంగు తడిసిపోయింది. ఆ తర్వాత కొద్ది రోజులకే నేను ఇంటరు గట్టెక్కాను, నెల్లూరులో ఆడపిల్లల హాస్టలులో పని దొరికింది, పెట్టె సర్దుకొని వచ్చేశాను.

ఇదీ నేను ఇన్నేళ్లుగా చెబుతూ వచ్చిన కథ. ఇక్కడికి రాగానే వినేవాళ్ల కళ్లు చెమ్మగిల్లేవి, నేను గర్వంగా ఆగేదాన్ని. ఆ శనివారం కూడా అట్లాగే ఆగి, చూశావా, సారీ అంటే అదీ, నువ్వు కూడా పెద్దమనసు చేసుకొని సోమవారం ఆ మాట పంపెయ్ అన్నాను. మా చెల్లెలి కూతురు నన్ను చూడలేదు. గడప దగ్గరున్న వదిననే చూస్తూ, “ఆ తర్వాత ఏమైంది అత్తా?” అని అడిగింది.

ఆ తర్వాత ఏముంటుందే, అయిపోయింది గదా అని నేను అనబోయాను. వదిన చేతిలో ఉన్న చిక్కుడుకాయను అటూ ఇటూ తిప్పి, “ఒక నెల బాగుండాడమ్మా” అంది. బాగుండాడు, తర్వాత? తర్వాత మళ్లీ మొదలైందట. పళ్లెం లేదు, తలుపు లేదు, ఆ బరితెగింపు మానేశాడు. ఇప్పుడు టబ్బు దగ్గరికి వచ్చి మెల్లగా, “ఏం తల్లీ, దీనికి కూడా నన్ను సంఘంలో లేపుతావా?” అనేవాడట. ఒక్క ఆమెకే వినబడేట్టు, నవ్వుతూ. టేబులు ఆడవాళ్లతో చెబితే, మళ్లీ ఏంది మే, అందరి ముందూ క్షమించినావు గదా, మాట మీద నిలబడద్దా అన్నారట. మా అన్నా అదే అన్నాడట. అయ్యగారితో చెబుదామని ఒకసారి గుడి దాకా పోయి, ఆయన ముఖంలో సంతోషం చూసి తిరిగి వచ్చేసిందట. చిన్నాన్నకు వేరే షెడ్డుకు బదిలీ అయ్యేదాకా ఏళ్ల తరబడి అట్లాగే జరిగిందట.

“నేను ఆ పొద్దు క్షమించలా” అంది వదిన. “అందరూ చూస్తుండారని లేచినాను, అంతే. క్షమించినానని నోటితో చెప్పినాక ఇంక కోప్పడేదానికి కూడా నాకు దారి లేకుండా పోయింది. ప్రతి నెలా ఆయన చేతి రొట్టె చెయ్యి చాపి తీసుకోవాల్సి వచ్చింది. అంతమంది చప్పట్లు కొట్టినారు గదా, ఒక్కరన్నా నెల పోయినాక వచ్చి, ఇప్పుడెట్టుంది మే అని అడిగినారా? అడిగుంటే చెప్పి ఉందును.”

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. చిన్నాన్న మీదందామంటే ఆయన పోయి చాలా కాలమైంది, ఆయన మరణదినపు కూడికకు వంద మందికి వంట చేసింది ఈ వదినే. అయ్యగారి మీదా? ఆయనకు తెలిసిన న్యాయం ఆయన చేశాడు. వదిన మీదే వచ్చిందేమో, ఇన్నేళ్లు నాతో చెప్పకుండా నా కథను నాతోనే చెప్పించుకుంటూ కూర్చుందని. నేను కూటంలో లేచి ఆ సాక్ష్యం చెబుతున్నప్పుడు ఈమె నా పక్కనే ఉండేది, తల ఊపేది కూడా. అదేమిటి వదినా అంటే, “నువ్వు అంత సంతోషంగా చెప్తావుంటే మధ్యలో నేనెందుకు” అంది.

మా చెల్లెలి కూతురు ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకుంది. మర్నాడు గుడి నుంచి వచ్చిన తర్వాత ఫోను తీసి కూర్చొని, రాసి కొట్టేసి, రాసి కొట్టేసి, చివరకు పంపిన మాట నాకు చదివి వినిపించింది. ‘ఆమె సారీ చెప్పారు, విన్నాను. విషయం పరిష్కారమైందని మాత్రం ఇప్పుడే చెప్పలేను. నెల తర్వాత నన్ను మళ్లీ అడగండి. అప్పటిదాకా దీన్ని మూయకండి.’ పంపిన తర్వాత ఫోను బోర్లా పెట్టేసింది. వదిన ఆ పిల్ల చేతులు తన ఒళ్లో పెట్టుకొని కూర్చుంది.

సోమవారం హెచ్.ఆర్. వాళ్లు, నెల తర్వాత మళ్లీ అడిగే పద్ధతి మా దగ్గర లేదమ్మా అన్నారట. అన్నారే గాని మూసేశామని కూడా చెప్పలేదట. అక్కడే పనిచేసే ఒక చిన్న అమ్మాయి మాత్రం ఈ పిల్లను వరండాలో ఆపి, మీరు అట్లా ఎందుకు రాశారు, నాకు అర్థమయ్యేట్టు చెప్పండి అని అడిగిందట. మేనేజరు ఆ పూట మీటింగులో ఈ పిల్లను లేపలేదట, అసలు చూడను కూడా చూడలేదట. అది మంచికో చెడుకో తెలియదు. ఏడాది చివర ఏమవుతుందో అంతకన్నా తెలియదు. మా చెల్లెలు ఫోను చేసి, దాన్ని చెడగొడుతున్నది మీరిద్దరే అని నన్ను దులిపి ఆరేసింది. అదీ నిజమేనేమో.

ఇప్పుడు కూర్చొని ఆలోచిస్తే నాకు ఏది ఎక్కువో ఏది తక్కువో తేలడం లేదు. మనకు ఆ రోజుల్లో చట్టం లేదు గాని, మనిషి చెయ్యి చాపకపోతే సాయంత్రానికల్లా పిలిపించి ఏమైందమ్మా అని అడిగేవాళ్లు ఉన్నారు, మనకోసం అన్నం మానేసిన వాళ్లు ఉన్నారు. ఇప్పుడు గదులున్నాయి, కమిటీలున్నాయి, ఈ పిల్ల నెల రోజులు సరిగా అన్నం తినకపోయినా పక్క కుర్చీలో అమ్మాయికి తెలియలేదు. అయితే ఆ అడిగేవాళ్లే చప్పట్లు కొట్టి మా వదిన నోరు మూశారు, ఈ గదులున్న చోటనే ఈ పిల్ల ‘మూయకండి’ అనగలిగింది. ఒకదాన్ని పొగుడుదామంటే రెండోది అడ్డం వస్తుంది. పాత రోజులు బంగారమని రాద్దామని కూర్చున్నాను, చెయ్యి ముందుకు సాగలేదు.

నిన్న మధ్యాహ్నం వదిన వంటింట్లో ఉంది. నేను పోయి గడప దగ్గర, రోజూ ఆమె కూర్చునే చోట కూర్చొని, “ఇప్పుడెట్టుంది వదినా?” అని అడిగాను. ఆమె వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూసి, “ఏంది, కొత్తగా?” అంది. చెప్పు, మొదటి నుంచి చెప్పు, నేను మధ్యలో మాట్లాడను అన్నాను. “నువ్వా!” అని పకపకా నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది.

“పప్పు మాడిపోతది, ఆపేసి వస్తానుండు” అంది. పొయ్యి ఆపేసి, చెయ్యి కడుక్కొని, వచ్చి నా పక్కన కూర్చుంది.